తాత విడిపించిన వీధి

నవంబరు 4
హాలు, మూడో వరస, కిటికీ పక్క మంచం

ఒసేయ్ పిట్టా,

ఆశీర్వాదాలు అయిపోయాయి. ఇక్కడ ఏదైనా వరసలో నిలబడి తీసుకోవాల్సిందే, నేను వెళ్ళేసరికి గిన్నె అడుగంటిందన్నారు. వచ్చే రొట్టెల లారీలో వస్తే నీకు రెండు ఎక్కువ వేయిస్తాను.

నీ ఉత్తరం అందింది. నాలుగో క్లాసు తప్పినవాడికి అంత చిన్న అక్షరాలతో రాస్తావేంటే? నా కళ్ళద్దాల మీద భూగోళం మాస్టారి కళ్ళద్దాలు కూడా పెట్టుకుని చదివాను. ఆయన అంతసేపూ గుడ్లగూబలా కూర్చున్నాడు పాపం. ఫోన్లుంటే ఈ తిప్పలుండేవి కావు. పక్క ఊళ్ళో జనం తలదాచుకున్న బడి మీద బాంబు పడింది వాళ్ళ ఫోన్ల వల్లేనట. అందుకని మా అందరివీ రేకు డబ్బాలో వేసి తాళం పెట్టాడు సూపరింటెండెంటు. తాళంచెవి మెళ్ళో పతకంలాగా వేసుకుని తిరుగుతున్నాడు.

ఇది పూర్వం బంతాటలాడే హాలు. నేల మీద గీతలింకా అలాగే ఉన్నాయి. మీ అమ్మ మంచం, నా మంచం ఒకే గడిలో పడ్డాయి. గీతకవతల భూగోళం మాస్టారు. ఆయన గురక మాత్రం గీత దాటి వస్తుంది, దాన్ని ఆపే సైన్యం ఇంకా పుట్టలేదు.

అసలు సంగతి చెప్పనీ. సూపరింటెండెంటు గోడకి ఇంత పెద్ద మ్యాపు కొట్టించాడు. మనవాళ్ళెక్కడిదాకా ఉన్నారో, అవతలివాళ్ళెక్కడిదాకా వచ్చారో జనానికి తెలియాలట. గుండుసూదులు, దారం ఎవరి దగ్గరున్నాయంటే నేను చెయ్యెత్తాను. దర్జీవాడి దగ్గర కాక ఎవరి దగ్గరుంటాయి? అలా యుద్ధం నా చేతికొచ్చింది. నువ్వు వారం వారం గీత ఎక్కడుందో రాస్తావు, నేను ఎర్రదారం జరుపుతాను. నేను కుర్చీ ఎక్కితే హాలంతా నిశ్శబ్దం. మీ నానమ్మ బతికుండగా కూడా నాకింత మర్యాద జరగలేదు.

ఒక రహస్యం. ఇక్కడ గరిటె పట్టుకుని వడ్డించేది మిల్లు వీధి ఆవిడ. పోయిన వారం ఆవిడ వీధిని గుండుసూది తలకాయంత విడిపించాను. అప్పటినుంచి నా గిన్నెలో నీళ్ళు తగ్గి ముక్కలు పెరిగాయి. ఎవరికీ చెప్పకు.

స్టేజీ తెర దింపేసి అందరికీ కోట్లు కుడుతున్నాను. లోపలి గుడ్డంతా ఆకుపచ్చ మఖమలు, రాజుల్లా ఉన్నాం. ఒక్కొక్కళ్ళ కాలరు లోపల ఒక్కో వెక్కిరింత కుడుతున్నాను. మాస్టారికి రంపం. సూపరింటెండెంటుకి తాళంకప్ప. మీ అమ్మకేం కుట్టానో చెప్పను. నువ్వే కనుక్కో.

మీ అమ్మ సంగతి అడిగావు. తినట్లేదే. రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెడుతుంది. పొద్దున లేస్తూనే మ్యాపు దగ్గరికెళ్ళి మన వీధి మీద వేలు పెట్టి నిలబడుతుంది. "మామయ్యా, ఏమైనా జరిగిందా?" అంటుంది. మీ నాన్న అక్కడ స్తంభాలెక్కి కరెంటు తీగలు ముడేస్తున్నాడు, ఇక్కడ మీ అమ్మ వేలు అరగదీస్తోంది. ఇలాంటి జంటకి నేను పెళ్ళి చేశాను.

ఇట్లు,
యుద్ధశాఖ, దారం సెక్షను,
మీ తాత


నవంబరు 11

తాతా,

ఈసారి పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మాస్టారి కళ్ళద్దాలు ఆయనకిచ్చెయ్.

మా ఆఫీసు ఎలా ఉంటుందని అడిగావు కదా. ఇది ఒకప్పుడు బట్టల షాపు. జనం బట్టలు వేసుకుని చూసుకునే అద్దాల గదుల్లో మేం కూర్చుంటాం. రోజంతా ఫొటోలు, డ్రోన్ల వీడియోలు. రెండు సైన్యాలకీ మధ్య ఎవరూ వెళ్ళలేని రోడ్లున్నాయి, వాటి మీద పడి ఉన్నవాళ్ళు. చాలామందికి మొహం కనపడదు. బూట్లు, చొక్కా, సంచీ చూసి రాసి పెడతాం. అది చదివి ఎక్కడో ఎవరో మావాళ్ళే అంటారు. నా పక్కసీటు అమ్మాయి బూటు అడుగు చూసి కంపెనీ చెప్పేస్తుంది. నేను కుట్లు చూస్తాను. చిన్నప్పుడు నీ మిషను కింద కూర్చున్నందుకు ఇలా పనికొచ్చింది.

అందుకే చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. ఆ దారంతో ఆటలొద్దు. మిల్లు వీధిని వెనక్కి జరిపెయ్, నీళ్ళ చారే తాగు. ఆ మ్యాపు చూసి ఎవరైనా బయలుదేరితే మధ్యలో రోడ్డుంది తాతా. ఆ రోడ్డు నాకు గదిలో ఏ మూల ఏముందో తెలిసినట్టు తెలుసు.

ఈ వారం గీత: పాల డిపో దగ్గర మనవాళ్ళు రెండిళ్ళు వెనక్కొచ్చారు. మిగతా చోట్ల కదల్లేదు. మన వీధి అవతలివాళ్ళ దగ్గరే ఉంది. నాన్న కబురు లేదు. అవతలివాళ్ళకీ కరెంటు కావాలి కాబట్టి స్తంభాలెక్కేవాళ్ళని ఏమీ చెయ్యట్లేదంటున్నారు.

నువ్వు చెయ్యాల్సిన పని ఒక్కటే. అమ్మని ఆ హాల్లోంచి కదలనివ్వకు. తిట్టుకో, ఏడిపించు, మంచానికి కుట్టెయ్, నాకనవసరం. అమ్మ అక్కడుంది అనుకుంటేనే నేనిక్కడ పని చెయ్యగలుగుతున్నాను.

అమ్మ కాలరులో తక్కెడ కుట్టుంటావు. పక్కింటివాళ్ళ తగువుల్లో కూడా తీర్పులు చెబుతుంది కదా.

నీ
పిట్ట


నవంబరు 18

పిట్టా,

తక్కెడ తప్పు. ఇంకొక అవకాశం ఇస్తున్నాను. ఒక్క అక్షరం కూడా సాయం చెయ్యను.

నీ ఉత్తరం చదివి బుద్ధిగా మిల్లు వీధిని వెనక్కి జరుపుదామని కుర్చీ ఎక్కాను. కింద ఆవిడ గరిటె పట్టుకుని చూస్తోంది. నాకేమో ఆకలి. దిగిపోయాను. ఈ వారానికి అలా ఉండనీ.

ఇంకొకటి కూడా చేశాను. అరవకు, ముందు చదువు.

మొన్న మీ అమ్మ గిన్నె ముట్టుకోలేదు. నిన్న కూడా అంతే. డాక్టరమ్మ వచ్చి ఇలా ఐతే సూదులు గుచ్చాలంది. నేననుకున్నాను, సూదులు గుచ్చడంలో నాకంటే మొనగాడెవడు? నీ ఉత్తరం చేత్తో పట్టుకుని, కుర్చీ ఎక్కి, గొంతు సవరించుకుని, ఎర్రదారాన్ని వంతెన దాటించి మన వీధికి అవతల గుచ్చాను. మన వీధి మనదయింది. మీ నాన్న, నా మిషను, మన బావి గిలక, అన్నీ విడుదల.

మీ అమ్మ అడిగింది, "పిల్లే రాసిందా మామయ్యా?" అని. రాసిందన్నాను.

అప్పుడు చూడాల్సింది నువ్వు. మొహం ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచినట్టయింది. రెండు గిన్నెలు తింది. మాస్టారి గురకకి తీర్పు చెప్పింది, గోడవైపు తిరిగి పడుకోవాలని. నాతో నవ్వింది. మీ నాన్నని వదిలొచ్చాక నవ్వడం ఇదే మొదటిసారి. మాస్టారు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "నది ఇవతల ఫిరంగులింకా మోగుతుంటే వంతెన ఎలా మనదయింది?" అన్నాడు. యుద్ధం సంగతి దర్జీలకి వదిలెయ్యమన్నాను.

కంగారు పడకు. మళ్ళీ నేనే వెనక్కి జరుపుతాను, ఒక్కసారి కాదు, రోజుకి గోరంత. మీ అమ్మకి తెలియకుండా ఓడిపోతాం. ఈలోగా నాలుగు కండలు పెరుగుతాయి.

ఇట్లు,
వీధి విమోచకుడు,
మీ తాత


నవంబరు 25

తాతా,

ఈ ఉత్తరం అందగానే కుర్చీ ఎక్కు. దారం ఎక్కడిది అక్కడ పెట్టు. గోరంత కాదు, మొత్తం. తర్వాత అమ్మని కూర్చోబెట్టి, అబద్ధం చెప్పానని చెప్పు. తినకపోతే సూదులు గుచ్చించు. సూదులతో ఎవరూ చావరు.

నువ్వు నా పేరు చెప్పావు. ఎవరి మాటా నమ్మని మనిషి నా మాట నమ్ముతుంది.

ఇంతవరకూ నీకు చెప్పనిది చెబుతాను. వంతెనకి ఇవతల రోడ్డు మీద ఎవరైనా కనబడితే డ్రోను వచ్చి ముందు ఊరికే చుట్టూ తిరుగుతుంది. మనిషి పరుగెడితే వెంట వెళ్తుంది. చెట్టు కిందికెళ్తే ఆగుతుంది. పిల్లి ఎలకతో ఆడినట్టు ఆడి, ఆ తర్వాత బాంబు వేస్తారు. ఆ వీడియోకి పాట పెట్టి వాళ్ళే బయటపెడతారు. నేను పాట తీసేసి చూస్తాను.

ఈ వారం గీత కదల్లేదు. మన వీధి మనది కాదు.

రొట్టెల లారీకి దారిలో ఏదో ఇబ్బందిట, ఉత్తరాలు ఆలస్యమవుతాయన్నారు. అందుకే ఇది డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

పిట్ట


నవంబరు 26

నా బంగారు పిట్టా,

నీకొక పార్సెలు పంపించాను. ఈపాటికి విప్పేసుకుని ఉంటావు.

నిన్న మీ అమ్మ తల దువ్వుకుని, నేను కుట్టిన కోటు వేసుకుని వచ్చి, "మామయ్యా, పిల్లని చూసొస్తాను" అంది. చూడు, తినడం మొదలుపెట్టగానే కాళ్ళొచ్చాయి. నేను సంతోషంగా సరేనన్నాను. కదలనివ్వద్దన్నావు, నిజమే. కానీ నీ దగ్గరికే కదా. హాల్లో కంటే నీ దగ్గర భద్రం, నేల కింద పడుకుంటారట మీరు.

రొట్టెల లారీలో డ్రైవరు పక్కన కూర్చోబెట్టాను. రాణిలా వెళ్ళింది. హాలంతా బయటికొచ్చి చెయ్యూపారు. మాస్టారు రాలేదు, ఆయనకి నా మ్యాపు మీద ఇంకా కోపం. వెళ్ళేముందు నా కాళ్ళకి దండం పెట్టింది. ఏంటమ్మాయ్, పెద్ద పండితుణ్ణి చేస్తున్నావు నన్ను అంటే కోటు జేబు తడుముకుంటూ లారీ ఎక్కేసింది.

ఇప్పుడు దారం నిశ్చింతగా వెనక్కి జరిపేసుకుంటాను. చూశావా, నా తెలివి? తిండీ తినిపించాను, కూతురి దగ్గరికీ చేర్చాను, ఎవరికీ నష్టం లేదు.

మీ అమ్మని మరీ ఎక్కువ రోజులు ఉంచుకోకు. ఇక్కడ తగువులు పేరుకుపోతున్నాయి, తీర్పు చెప్పేవాళ్ళు లేరు. వచ్చేటప్పుడు నాలుగు నల్ల గుండీలు పంపించు, సూపరింటెండెంటు కడుపు దగ్గరవి ఊడిపోతున్నాయి.

ఇట్లు,
ఖాళీ మంచం పక్కన మంచం,
మీ తాత


డిసెంబరు 2

తాతా,

నీ దగ్గర్నుంచి ఈ వారం ఏమీ రాలేదు. లారీ ఇంకా చుట్టుతిరిగి వస్తోందట. నా పాత ఉత్తరం అందే ఉంటుంది, దారం వెనక్కి పెట్టే ఉంటావు. అమ్మ తిట్టిందా? తిట్టనీ.

ఇంకో పని మీద రాస్తున్నాను. ఎందుకని అడక్కు, నేను చెప్పకూడదు. నువ్వు కుట్టిన కోటు ఒకటి నా కంటబడింది. ఆకుపచ్చ మఖమలు, మూడు కుట్లు ముందుకి ఒకటి వెనక్కి, అది నీ చెయ్యే. కాలరు లోపల పసుపు దారంతో చీమ కుట్టి ఉంది. ఆరు కాళ్ళూ శ్రద్ధగా కుట్టావు. జేబులోంచి పంచదార బిళ్ళలు పడి ఉన్నాయి.

చీమ కోటు ఎవరికి కుట్టావు? పేరు, ఎవరి తాలూకు, హాల్లో వాళ్ళవాళ్ళు ఇంకెవరున్నారు, ఇవి రాయి. హాల్లో ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది.

ఈసారి వేళాకోళం వద్దు తాతా. తొందరగా రాయి.

పిట్ట


డిసెంబరు 6

ఓసి దొంగముఖమా,

కనుక్కున్నావన్నమాట. కాలరు తిరగేసి చూడకుండా కనుక్కోవాలని కదా మన పందెం? అమ్మా కూతుళ్ళు పక్కపక్కన కూర్చుని, ముసలాణ్ణి ఏడిపిద్దామని ఎంత గంభీరంగా రాశారో. "ఎందుకని అడక్కు, నేను చెప్పకూడదు." "అమ్మకి కూడా చెప్పకు." ఆ ముక్క మీ అమ్మే చెప్పి రాయించుంటుంది. నేను చదివి వినిపిస్తే డాక్టరమ్మ కూడా నవ్వింది.

సరే, ఆఫీసువాళ్ళు అడిగినట్టు అడిగావు కాబట్టి కోర్టులో చెప్పినట్టు చెబుతాను. చీమ కోటు హక్కుదారు: నా కోడలు. ఎవరి తాలూకు: నిన్ను కన్న తాలూకు. హాల్లో వాళ్ళవాళ్ళు: ఒక అందగాడైన మామగారు. చీమ ఎందుకంటే, ఇక్కడ టీలోకిచ్చే పంచదార బిళ్ళ ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు మహాతల్లి. అన్నీ మీ నాన్న కోసం గుడ్డలో కట్టి దాచింది. ఆయనకి నాలుగు చెంచాలు లేనిదే టీ దిగదు కదా. తలగడ కింద పెడితే చీమలొచ్చి నన్ను కుట్టాయి. అందుకని ఆవిడ మీదే చీమని కుట్టాను.

నీ దగ్గరికొస్తూ ఆ మూటంతా ఎందుకు తెచ్చిందో అడుగు. నువ్వసలు పంచదారే వేసుకోవు. మూట తీసుకుంటున్నప్పుడే నాకనిపించింది, ఈవిడకి మతిమరుపొచ్చిందని.

దారం వెనక్కి పెట్టేశాను. నీ కోపం ఉత్తరం అందింది, మీ అమ్మ వెళ్ళిన మర్నాడు. అందులో రాసినవి రెండోసారి చదవలేదు. అలాంటివి రోజంతా చూడకే, కళ్ళు పాడైపోతాయి.

మీ అమ్మని కూడా ఓ కాగితం ముక్క రాయమను. రెండు తిట్లు రాసినా చాలు.

ఇట్లు,
ఓడిపోయిన పందెంగాడు,
మీ తాత


డిసెంబరు 12

తాతా,

అమ్మ ఇక్కడికి రాలేదు.

లారీ డ్రైవరుని కలిశాను. కూడలి దగ్గర దిగిపోయిందట. కూతురు అక్కడికొచ్చి తీసుకెళ్తుందని చెప్పిందట. అక్కడినుంచి ఒక రోడ్డు నా దగ్గరికి, ఒక రోడ్డు వంతెనకి.

ఆ వీడియో మాకు వచ్చింది నవంబరు ఆఖర్లో. దాని కింద నేను రాసింది ఇది: "స్త్రీ. వయసు తెలియదు. మొహం అవతలికి తిరిగి ఉంది. కోటు విప్పి మడిచి తల కింద పెట్టుకుంది. కాలరు లోపల చీమ బొమ్మ." తల కింద పెట్టుకుందంటే వెంటనే పోలేదు. అది రాసేటప్పుడు నాకు తెలుసు. ఎవరో పాపం, ఎంతసేపు ఉందో అనుకుని టీ తాగడానికి వెళ్ళాను.

నీ పార్సెలు ఉత్తరమూ, నువ్వు నవ్వుకుంటూ రాసిన ఉత్తరమూ ఒకే లారీలో వచ్చాయి, ఆఫీసులో విప్పాను. పేరు కోసం నా పక్కసీటు అమ్మాయి కాగితం పట్టుకుని నిలబడింది.

మన వీధి ఒక్క రోజు కూడా మనది కాలేదు.


డిసెంబరు 17

పిట్టా,

నాకు రాయడం చేతకావట్లేదు.

నీ ఉత్తరం మాస్టారి చేత చదివించుకున్నాను. నేను చదివి తప్పుగా చదివానేమోనని. ఆయన ఒకసారి చదివి కళ్ళద్దాలు తీసేశాడు.

హాలు మధ్యకెళ్ళి అందరికీ చెప్పాను. వీధిని విడిపించింది నేనేనని, పిల్ల రాయలేదని, నా కోడల్ని నేనే పంపించానని. కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. ఎవరి మంచానికి వాళ్ళు వెళ్ళిపోయారు. కాసేపటికి మిల్లు వీధి ఆవిడ వచ్చి నా మంచం మీద కూర్చుంది. ఓదారుస్తుందేమో అనుకున్నాను. చెవిలో, "అన్నయ్యా, మా వీధిని మాత్రం వెనక్కి జరపకండి. ఎలాగూ నేను వెళ్ళను, చూసుకుంటూ ఉంటాను" అంది. ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు నిలబడ్డారు, వాళ్ళ వీధులు చెప్పుకోవడానికి. నేనిప్పుడే కదా చెప్పానమ్మా ఏం జరిగిందో, అన్నాను. విన్నాం అన్నారు.

మ్యాపు మాస్టారికి అప్పగించాను. ఆయన ఉన్నది ఉన్నట్టు గుచ్చాడు. ఇప్పుడెవరూ దాని దగ్గరికి వెళ్ళట్లేదు.

నేను వస్తాను. కూడలి దాకా డ్రైవరు తీసుకొస్తానన్నాడు. అక్కడినుంచి ఆ రోడ్డున నడిచి వెళ్ళి మీ అమ్మని తీసుకొస్తాను. నన్ను కొడితే కొట్టనీ, నాకేముంది? ఆ పిల్లని అలా రోడ్డు మీద వదలలేను. ఎలా ఉన్నావని నిన్ను అడగాలని ఉంది. అడిగే మొహం లేదు.

తాత


జనవరి 3

తాతా,

రావద్దు. నువ్వు ఆ రోడ్డెక్కితే అది కూడా నా బల్ల మీదకే వస్తుంది.

ఎవరూ వెళ్ళలేరు. సైన్యంవాళ్ళని అడిగాను, ఆ రోడ్డు మీద ఇంకా చాలామంది ఉన్నారు, గీత కదిలితేనే తీస్తామన్నారు. సొంతవాళ్ళ ఫైలు ముట్టుకోకూడదని మా దగ్గర రూలుంది. ఇప్పుడది నా పక్కసీటు అమ్మాయి చూస్తోంది. నేనడగను, ఆమె చెప్పదు. మంచు బాగా పడిందని మాత్రం ఒకరోజు చెప్పింది.

నాన్న బతికే ఉన్నాడు.

నదికి అడ్డంగా వెళ్ళే పెద్ద తీగ తెగింది. అది రెండు వైపులకీ కావాలి. అందుకని ఆ తీగ దగ్గర మాత్రం ఒక పూట కాల్పులాపి, ఇక్కడి స్తంభాలవాళ్ళనీ అక్కడివాళ్ళనీ కలిపి పనిచేయించారు. పనిముట్ల సంచీలో పెట్టి నాన్న చీటీ పంపాడు. ఇలా రాశాడు: "మీ అమ్మని హాల్లోంచి కదలనివ్వద్దని తాతకి చెప్పు. అది అక్కడ క్షేమంగా ఉందన్న ధైర్యంతోనే పైకెక్కుతున్నాను. ఒక్కముక్క రాయించి పంపు."

తీగ పని ఇంకా ఉంది. ఈ నెల్లో మళ్ళీ ఒక పూట ఆపుతారు. అప్పుడు జవాబు పంపొచ్చు.

నిజం రాస్తే ఏం చేస్తాడో నీకూ తెలుసు. ఆ స్తంభం దిగి నేరుగా ఆ రోడ్డు మీదకే వెళ్తాడు, ఆమెని తీసుకురావడానికి. అవతలి చివర్నుంచి వంతెన ఎంతో దూరం లేదు. నేను ఇంకొకళ్ళని కోటు చూసి గుర్తుపట్టలేను.

అబద్ధం రాద్దామని కూర్చున్నాను. "అమ్మ బాగుంది" దాకా రాసి చించేస్తున్నాను. నాకు రావట్లేదు. నీకు వచ్చు. నువ్వే రాయి. ఎప్పుడూ రాసేలాగే రాయి, వెక్కిరిస్తూ, గొప్పలు కొట్టుకుంటూ. నవ్వు లేకపోతే నాన్న పసిగడతాడు. ఒక్కసారితో అయ్యేది కాదు, తీగ తెగినప్పుడల్లా రాయాలి.

నిన్ను క్షమించి అడుగుతున్నానని అనుకోకు. ఇది నువ్వు తప్ప ఎవరూ చెయ్యలేరు, అంతే.


జనవరి 9

పిట్టా,

రాశాను. కింద ఉంది. చదివి చూడు. ఎక్కడైనా నవ్వు తగ్గిందనిపిస్తే చెప్పు, మళ్ళీ రాస్తాను.

తాత


ఒరేయ్ అబ్బాయ్,

నువ్వింకా బతికే ఉన్నావని తెలిసి ఇక్కడ ఒకరికి చాలా నిరాశ. నీకోసం అట్టేపెట్టిన మంచం కూడా వాడేసుకుందామని చూస్తున్న మా పక్క మంచం మాస్టారికి. నాకు మాత్రం కొంచెం సంతోషమే. చిన్నప్పుడు గోడెక్కితే దిగడానికి ఏడ్చేవాడివి, ఇప్పుడు కరెంటు స్తంభాలెక్కుతున్నావంటే ఎవరు నమ్ముతారు? నేనైతే నమ్మను. కింద నిలబడి వేరేవాళ్ళని ఎక్కిస్తుంటావు.

ఒక్కముక్క రాయించమన్నావు. మీ ఆవిడ గురించి ఒక్కముక్కేం సరిపోతుంది? వచ్చిన వారానికే హాలు మొత్తం చేతిలోకి తీసుకుంది. సూపరింటెండెంటు తుమ్మాలన్నా అడిగి తుమ్ముతున్నాడు. నాకు చలి తగులుతుందని కిటికీ పక్క మంచం నా దగ్గర్నుంచి లాగేసుకుంది, అసలు సంగతి ఎండ తనకి కావాలి. ఎండలో కూర్చుని నామీద నేరాలు చెబుతుంది, అందరూ వింటారు. బాగా ఒళ్ళు చేసింది కూడా. నేను వెక్కిరిస్తే, మీ కొడుకు ఇంట్లో సరిగ్గా తిననిచ్చాడా మామయ్యా అంది. జవాబు నువ్వే చెప్పుకో.

ఇంట్లో సామాన్లు జాగ్రత్తట. గిన్నెలు మాడబెట్టి నానబెట్టకుండా వదిలేస్తే వచ్చాక నీ సంగతి చూస్తుందట. గడ్డం తీసుకుంటున్నావా అని అడిగింది. తీసుకోడులే అన్నాను. వాడిమీద మీకెప్పుడూ నమ్మకం లేదు అని నన్నే తిట్టింది. ఇలాంటి పెళ్ళాం దొరకడం నీ అదృష్టం, ఇలాంటి కోడలు దొరకడం నా

నా గ్రహచారం. పెన్ను ఆగిపోయింది మధ్యలో, పనికిమాలిన పెన్ను.

ఒక మాట గట్టిగా చెప్పమంది, ఇది వేళాకోళం కాదు. నువ్వు వంతెన వైపు ఒక్క అడుగు కూడా వెయ్యకూడదట. తనకోసమని బయలుదేరావో, వచ్చినా మొహం చూడదట. తీగలు ముడేసుకుంటూ, స్తంభం దగ్గరే ఉండాలట. యుద్ధం అయ్యాక తనే వస్తుందట. సరేనా? ఆవిడ తీర్పు సంగతి నీకు తెలుసు, పై కోర్టు లేదు.

నువ్వే రాయమ్మాయ్ నాలుగు ముక్కలు అని కాగితం ఇచ్చాను. పిండి కలుపుతోంది, చేతులు ఖాళీ లేవంది. నేను రాస్తుంటే భుజం మీంచి చూస్తూనే ఉంది, నేనేం అబద్ధాలు రాస్తానోనని. ఇదిగో, ఇప్పుడే అటు వెళ్ళింది.

అడిగానని చెప్పమంది.

నీ
నాన్న